బాపు పండుకునే వేళ

వేణుమాధవ్ హన్మకొండ నుంచి తను తయారుచేసిన కంప్యూటర్ పాఠాల సీడీలు పట్టుకుని గోదావరిఖనిలో దిగిన మొదటి రోజే చిక్కుల్లో పడ్డాడు.

గనుల కాలనీ బడి, మూడో తరగతి. పాఠం పేరు 'పగలూ రాత్రీ'. కంప్యూటర్ తెర మీద భూమి గిర్రున తిరిగితే పిల్లలు చప్పట్లు కొట్టారు. తర్వాత అతను తయారుచేసిన బొమ్మ చిలుక అడిగింది: "నాన్న ఎప్పుడు నిద్రపోతాడు?"

కింద సూర్యుడు, చంద్రుడు. హర్షిణి అనే పిల్ల ధీమాగా వచ్చి మౌస్‌తో సూర్యుడి మీద నొక్కింది.

"తప్పు! తప్పు!" అని చిలుక రెక్కలు కొట్టుకుంది. హర్షిణి బావురుమంది.

టీచర్ జమున చర్రున లేచింది. "ఏంది సార్ గిది? వాళ్ల బాపుది నైట్ షిఫ్టు. పొద్దుగాల బొగ్గుబాయి నుంచి వచ్చి పగలే పండుకుంటడు. ఉన్నది చెప్తే తప్పంటదా మీ చిలుక?"

"పగటి నిద్ర సిలబస్‌ల లేదు మేడం," నోరు జారాడు వేణు.

"అయితే మా పిల్లలు మీ సిలబస్‌ల లేరు. డబ్బ సర్దుకోండ్రి."

ఆమె బాగుందని రాసిస్తేనే అతని పాఠాలు మిగతా బళ్లకు వెళ్తాయి. లేదంటే రెండేళ్ల కష్టం గంగపాలు. అయినా అతనికి కళ్లముందు మెదులుతున్నది ఆ కష్టం కాదు, కోపంతో ఎర్రబడ్డ జమున ముక్కు.

"శనివారం దాకా ఆగుండ్రి మేడం," అని బతిమాలి, మధ్యాహ్నం అన్నానికి బడి వదిలినప్పుడు కాలనీలోకి వెళ్లాడు. పిల్లలు నోరు మెదపకుండా గోలీలాడుతున్నారు. కూరగాయల మల్లక్క కూడా ఆ వీధిలో కేక వేయడం లేదు. హర్షిణి ఎదురొచ్చి పెదాల మీద వేలు పెట్టింది. "ష్... బాపు పండుకున్నడు."

శనివారం తెర మీద కొత్త బొమ్మ. తలకు లైటు పెట్టుకున్న నాన్న పొద్దున్నే ఇల్లు చేరాడు, కూతురు కిటికీ మూసింది. హర్షిణి సూర్యుడి మీద నొక్కగానే చిలుక గుసగుసగా అంది: "కరెక్టే! మెల్లగ మాట్లాడు, బాపు లేస్తడు."

పిల్లలు పడీ పడీ నవ్వారు. జమున కూడా.

బడి వదిలేసరికి వాన. జమున కాగితం చేతికిచ్చింది. "సంతకం పెట్టిన. ఇంక పోతరా సార్?"

"ఒక ప్రశ్న మిగిలింది. మీరంటే నాకు చానా ఇష్టం. మీ ఇంటికొచ్చి అడగమంటరా?"

జమున వానకేసి చూసింది. ముక్కు మళ్లీ ఎర్రబడింది, ఈసారి కోపంతో కాదు.

"మా బాపుది గూడ ఈ వారం నైట్ షిఫ్టే. పగలొచ్చి తలుపు కొడితే ఉన్నది గూడ చెడుతది. సోమవారం నుంచి పొద్దుటి మొదటి షిఫ్టు. నాలుగింటికి చాయ్ తాగుకుంట మంచిగుంటడు. గప్పుడు రాండ్రి."

వేణు ఆనందం పట్టలేక గట్టిగా అరవబోయాడు. బడి ఎదురింట్లో కిటికీ మూసి ఉండటం చూసి, గబుక్కున రెండు చేతులతో నోరు మూసుకున్నాడు.