డెబ్బై ఒక్క శాతం

ఆ భవనంలో లిఫ్టుకు తలుపులుండవు. ఆగడమూ ఉండదు. చెక్క పెట్టెలు ఒకదాని వెనుక ఒకటి, ఒక పక్క కిందికి దిగి, నేల అడుగున మలుపు తిరిగి, రెండో పక్క పైకి లేస్తూనే ఉంటాయి. ఎక్కేవాళ్లు గెంతి ఎక్కాలి, దిగేవాళ్లు గెంతి దిగాలి. ప్రాగ్‌లో పాత ఆఫీసుల్లో పనిచేసినవాళ్లకు ఇది అలవాటే.

డాక్టర్ తుమా మాత్రం ఆ ఉదయం దిగలేదు.

కింద హాల్లో అతనికోసం ఎదురుచూస్తున్న ఏజెంట్ ఓత్మర్ శెబెస్తా ముందుకే పెట్టె వచ్చింది. తుమా దాని మూలకు ఆనుకుని కూర్చున్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. చొక్కా ఎర్రగా తడిసింది. ఓత్మర్ చెయ్యి చాచేలోపే పెట్టె నేల అడుగుకు జారిపోయింది. కాసేపటికి రెండో పక్కనుంచి తుమాతో సహా పైకి లేచింది. రిసెప్షన్‌లో అమ్మాయి కెవ్వుమంది. అప్పుడు ఎవరో ఎర్ర బటన్ నొక్కారు. కాల్చినవాడు మెట్లమీదినుంచి ఎటు పోయాడో ఎవరూ చూడలేదు.

తుమా ఆ భవనం మూడో అంతస్తులో ఉన్న ‘ఓజ్వేనా’ సర్వే సంస్థలో లెక్కలకు పెద్ద. ప్రభుత్వం ఎలా ఉంది, ధరలు ఎలా ఉన్నాయి, పింఛను సంస్కరణలు నచ్చాయా అని దేశమంతా తిరిగి అడిగించి, వచ్చిన జవాబులను శాతాలుగా తేల్చడం అతని పని. చావడానికి కొంచెం ముందే ఓత్మర్‌కు ఫోన్ చేశాడు.

“వాళ్లకు సర్వేతో పనిలేదయ్యా. ఒక్క నంబరు కావాలి, అంతే. ఫోన్లో వద్దు, కిందికొస్తున్నా.”

అదే ఆఖరి మాట. మంచి మనిషి, పాపం. ఎవరినీ ఒక్క మాట అని ఎరగడు.

భవనం ముందు బ్రెడ్డు బొమ్మ వేసిన వ్యాను ఆగి ఉంది. అందులో బ్రెడ్డు లేదు. మానిటర్లు, వైర్లు, వాటి మధ్య కర్నల్ వ్రానొవా ఉన్నారు. ఆమె డిపార్ట్‌మెంట్ పేరు ఏ బోర్డు మీదా కనిపించదు.

“ఇది గుడ్లగూబ పనే,” అందామె. విదేశీ ముఠాకు డిపార్ట్‌మెంట్ పెట్టుకున్న పేరది. “మధ్యాహ్నం పార్లమెంటులో పింఛన్ల బిల్లు. వాత్స్లావ్ చౌరస్తా నిండా జనం, అందరూ పెద్దవాళ్లే. వాళ్లలో ముఠా మనుషులు ఐదుగురు కలిసిపోయారు, ఎవరో తెలియదు. కోటు జేబుల్లో పిస్తోళ్లు. సిగ్నల్ రాగానే పోలీసుల మీద కాలుస్తారు.”

“పోలీసులు తిరిగి కాలుస్తారు.”

“ముసలాళ్లు పోతారు. రేపటికి దేశం తగలబడుతుంది. జనమే మండిపడి తిరగబడ్డారంటే ఎవడైనా నమ్ముతాడు.”

“సిగ్నల్ ఎప్పుడు మేడమ్?”

“సాయంత్రం, ఓటింగ్ అయ్యాక. ముఠాలో ఉన్న మన రెజీనా చెప్పింది.”

అంతలో ఓత్మర్ జేబులో ఫోన్ మోగింది. అమ్మ. కర్నల్ కళ్లతోనే ‘కానీ’ అంది. ఆమెకూ అమ్మ ఉంది.

“ఒరేయ్ ఓతా! చౌరస్తాకు బయల్దేరుతున్నా. నా తాళాలు తీసుకున్నా. ఎనభై తొమ్మిదిలో కమ్యూనిస్టులు దిగిపోవాలని అదే చౌరస్తాలో మోగించిన గుత్తే!” లుద్మిలా శెబెస్తొవా గొంతు వ్యానంతా వినబడింది. “దొంగ వెధవలు! అరవై ఏడేళ్లదాకా పనిచెయ్యాలంట. గ్యాసు బిల్లు చూస్తే గుండె ఆగుతోంది. దేశాన్ని గంగలో కలిపేశారు.”

“అమ్మా, ఈరోజు వెళ్లకు. చలిగా ఉంది.”

“చలి నాకు కొత్తా?”

“నువ్వెలా ఉన్నావు? ఇంట్లో అన్నీ ఉన్నాయా?”

“నాకేంరా? బాగానే నడుస్తోంది. రాత్రికి రా, క్నెడ్లీకీ చేస్తున్నా.”

ఫోన్ పెట్టేసింది. వెళ్లొద్దంటే మానే మనిషి కాదు. అసలు కారణం చెప్పే వీల్లేదు.

*

రెజీనా లెసోవ్‌స్కా ఓజ్వేనా తరఫున టీవీల్లో మాట్లాడుతుంది. ఆమె తెరమీద కనిపిస్తే బీరు తాగేవాడు గ్లాసు దించుతాడు. నాలుగేళ్లుగా ముఠాలో చేరినట్టు నటిస్తూ డిపార్ట్‌మెంట్‌కు కబుర్లు అందిస్తోంది. అదే భవనం ఐదో అంతస్తులోని టీవీ స్టూడియో నుంచి కొత్త సర్వే ఫలితాలను మధ్యాహ్నం వార్తల్లో ఆమే చెప్పాలి. చౌరస్తాలో కట్టిన పెద్ద తెరమీద కూడా అది లైవ్.

సౌండ్ టెక్నీషియన్ వేషంలో, అతికించిన మీసంతో ఓత్మర్ వెనుక పెరట్లో ఆగి ఉన్న నల్ల అద్దాల కారును దాటుకుని మేకప్ గదిలోకి వెళ్లాడు.

“ఈ ఏడు పుట్టగొడుగులు బాగా దొరికాయా?” అన్నాడు.

“వాన చాలక ఎండిపోయాయి,” అంది రెజీనా. కోడ్ సరిపోయింది. అద్దంలో నవ్వింది. “మీసం కుదర్లేదండీ.”

“తుమా పోయాడు.”

నవ్వు ఆగింది. “విన్నాను. పాపం. అయినా అంకెలన్నీ నేనే సరిచూశాను. అనుమానం అక్కర్లేదు.”

ఆమె కాలరు కింద మైకు, జుట్టు చాటున బఠాణీ గింజంత డిపార్ట్‌మెంట్ ఇయర్‌పీస్ అమర్చాడు. చెప్పబోయేది ఆమె ఒకసారి చదువుకుంది. “దేశం తప్పుదారిలో ఉందన్నవారు డెబ్బై రెండు శాతం. సొంత ఇంటి పరిస్థితి బాగాలేదన్నవారు డెబ్బై ఒక్క శాతం...”

ఓత్మర్ సౌండ్ గదిలోకి వెళ్లి హెడ్‌ఫోన్ తగిలించుకున్నాడు. ఏదో నలుసు కంట్లో పడ్డట్టుంది. దేశానికి డెబ్బై రెండు. ఇంటికి డెబ్బై ఒకటి.

అమ్మ గొంతు గుర్తొచ్చింది. దేశం గంగలో కలిసింది, ఇల్లు బాగానే నడుస్తోంది! అమ్మ ఒక్కతేనా? పబ్బులో అతని బల్ల దగ్గర కూర్చునే ప్రతివాడూ అంతే. ప్రభుత్వాన్ని మూడు గ్లాసులపాటు తిడతాడు, ఇంటి సంగతి అడిగితే పర్లేదంటాడు. తలుపు తట్టిన సర్వే పిల్లకు చెక్ మనిషి ఇంటి గుట్టు చచ్చినా విప్పడు. డెబ్బై రెండు నిజమే అయ్యుండొచ్చు. డెబ్బై ఒకటి మాత్రం ఈ దేశం ఎరగనివాడు ఎక్కడో కూర్చుని అల్లిన అంకె. అది తెలియనంత అమాయకురాలా రెజీనా? తుమా చెప్పిన ఒక్క నంబరు ఇదే. చౌరస్తా తెరమీద ఆ అంకె వినిపించడమే సిగ్నల్. సాయంత్రం కాదు, ఇప్పుడే!

“మేడమ్, రెజీనా వాళ్ల మనిషే,” అన్నాడు ఫోన్లో. “డెబ్బై ఒకటి అనగానే కాలుస్తారు. లైవ్ ఆపించండి.”

“ఇంత జనం రోడ్డుమీద ఉండగా ప్రభుత్వం టీవీ కట్టేసిందంటే, తుపాకులెందుకు? అదే చాలు నిప్పంటుకోడానికి. వేరే దారి ఏదైనా నువ్వే చూడు.”

స్టూడియోలో ఎర్రదీపం వెలిగింది. మానిటర్ మీద ఒకపక్క రెజీనా, ఇంకోపక్క చౌరస్తా. ఉన్ని టోపీల మధ్య ఎక్కడో అమ్మ.

“దేశం తప్పుదారిలో ఉందన్నవారు డెబ్బై రెండు శాతం,” అంది రెజీనా. చౌరస్తాలో వేల తాళాలు ఘల్లుమన్నాయి.

ఓత్మర్ బటన్ నొక్కాడు.

“రెజీనా గారూ, జవాబివ్వొద్దు, వినండి. పని కాగానే పెరట్లో కారు ఉంటుందన్నారు కదా?” గొంతు నెమ్మదిగానే వచ్చింది. “నంబరు సంగతి తెలిసినందుకే తుమాను బతకనివ్వలేదు. దాన్ని నోటితో పలికిన మనిషిని బతకనిస్తారా? కారు వెనుక సీట్లో ఒకడు కూర్చున్నాడు.”

ఆమె కనురెప్ప ఒకసారి కొట్టుకుంది.

“మరి సొంత ఇంటి పరిస్థితి మాటేమిటి?” అడిగాడు యాంకర్.

“డెబ్బై...”

ఓత్మర్ కళ్లు మూసుకున్నాడు.

“...ఈ అంకె నేను చదవను,” అంది రెజీనా. ముఖం పాలిపోయింది. “ఇది జనం చెప్పింది కాదు.”

చౌరస్తా దద్దరిల్లింది. ముసలీ ముతకా తాళాలు పైకెత్తి మోగిస్తున్నారు. చేతులు జేబుల్లోనే పెట్టుకుని, అయోమయంగా తెరవైపు చూస్తూ నిలబడ్డవాళ్లు ఐదుగురే. మఫ్టీలో ఉన్న కర్నల్ మనుషులు వాళ్లను చడీచప్పుడు లేకుండా ఏరి పట్టుకున్నారు.

బేడీలు వేస్తుంటే రెజీనా ఓత్మర్ వైపు చూసింది. “నిజంగా కారులో ఒకడున్నాడా?”

“నేను చూడలేదు. అంచనా వేశాను. మీ వృత్తి అదేగా!”

అంచనా తప్పింది. పెరట్లో కారు వెనుక సీట్లో ఇద్దరు దొరికారు. ఒకడి పిస్తోలుతోనే తుమా చచ్చాడు.

సాయంత్రం కర్నల్ తుమా అసలు లెక్కలు తెప్పించింది. ఇంటి పరిస్థితి బాగాలేదన్నవారు ముప్పై శాతమే. దేశం తప్పుదారిలో ఉందన్నవారు మాత్రం డెబ్బై రెండు. ఆ అంకెను ఏ ముఠా అల్లలేదు. నిజంగానే జనం అన్నారు. ఓత్మర్‌కు గెలిచినట్టే అనిపించలేదు. తుపాకుల్ని పట్టుకోవచ్చు, డెబ్బై రెండును పట్టుకుని ఏ జైల్లో పెడతారు?

*

రాత్రి గుమ్మంలో బూట్లు విడిచి, అమ్మ ఉంచిన ఇంటి చెప్పులు తొడుక్కున్నాడు. ఆమెను గట్టిగా కావలించుకున్నాడు.

“వదలరా, ఏమైంది నీకు? మాడిపోతోంది అక్కడ!” గొంతు పూర్తిగా బొంగురుపోయింది. బల్లమీద మాంసం, పుల్ల క్యాబేజీ, పిండి ముద్దల్ని ఉడికించి కోసిన వేడివేడి క్నెడ్లీకీ ముక్కలు పెట్టి ఎదురుగా కూర్చుంది. “చూశావా టీవీలో? ఆ పిల్ల అంకె చెప్పబోయి ఎలా మింగేసిందో! మొహం చూడు, సున్నం కొట్టినట్టయింది.”

“తప్పు అంకె అందిగా అమ్మా.”

“నువ్వు నమ్ము! నాకేం, నలభై ఏళ్లు ఇలాంటివే చూశాను. ప్రభుత్వమే దాని నోరు నొక్కేసింది. ఎవడో వెధవ సరిగ్గా ఆ టైముకి దాని చెవిలో ఊదుంటాడు. రాసిస్తా కావాలంటే!”

చెవిలో ఊదిన వెధవ ప్లేటు ముందుకు జరిపి, ఇంకో ముక్క వెయ్యమన్నాడు.