మొగలిదీవి కొండ ఎత్తు

పలాసలో రైలు దిగగానే గౌతమ్‌కి ఈశ్వర్ కనిపించాడు. మంచినీళ్ళ కుళాయి పక్కన సిమెంటు బెంచీ మీద కూర్చున్నాడు. ఒళ్ళో జీడిపప్పు ప్యాకెట్ ఉంది. ఎవరికోసమూ ఎదురుచూడనివాడిలా పట్టాల వైపు చూస్తున్నాడు.

గౌతమ్ వెళ్ళి "ఈ బండి బరంపురం పోతుందా?" అని అడగాలి. "పోతుంది గానీ ఇచ్ఛాపురంలో ఆగదు" అని ఈశ్వర్ చెప్పాలి. కోడ్ కలిస్తే ఇద్దరూ టీ తాగుతూ మాట్లాడుకోవచ్చు.

ఇంకో నాలుగు అడుగులు ఉందనగా, భుజాన సంచి వేసుకున్న మనిషి ఒకడు ఈశ్వర్‌ని రాసుకుంటూ వెళ్ళిపోయాడు. దోమ కుట్టినట్టు ఈశ్వర్ మెడ తడుముకున్నాడు. లేవబోయాడు. మోకాళ్ళ మీద కూలబడ్డాడు. జీడిపప్పు ప్లాట్‌ఫాం మీద చెల్లాచెదురైంది.

జనం మూగారు.

"ఏటయిందిరా?"

"కిడ్నీ మనిషి కాబోలు. నీలు పట్టండి."

గౌతమ్ ఆ గుంపులో ఒకడిగా నిలబడ్డాడు. ఆర్డర్ స్పష్టంగా ఉంది. కాంటాక్ట్ దెబ్బతింటే నువ్వతన్ని ఎరగవు. ఈశ్వర్ కళ్ళు గుంపు మీద తిరిగాయి. గౌతమ్ ముఖం మీదికి వచ్చాయి, ఆగకుండా పక్కవాడి మీదికి జరిగిపోయాయి. గౌతమ్‌ని పట్టించకుండా ఉండటానికి అతను చేయగలిగింది అంతే. చేశాడు.

గౌతమ్ తలెత్తాడు. ఫుట్‌బ్రిడ్జి మీద నల్లకళ్ళద్దాలు పెట్టుకున్న అందమైన స్త్రీ ఒకతె రెయిలింగ్‌కి ఆనుకుని కిందికి చూస్తోంది. మరో క్షణంలో అక్కడ లేదు.

శరీరాన్ని చూసిన డాక్టరు కిడ్నీలు పాడై గుండె ఆగిందన్నాడు. ఇంటింటా కిడ్నీ జబ్బున్న ఉద్దానంలో ఆ మాట అంటే ఎవరూ రెండో ప్రశ్న వెయ్యరు. చంపినవాళ్ళకి ఆ సంగతి బాగా తెలుసు.

*

టెక్కలిలోని ఒక గెస్ట్‌హౌస్‌లో ఆపరేషన్ చీఫ్ నాగసుధ కర్టెన్లు మూసి, లాప్‌టాప్ తెరిచింది. స్క్రీన్ మీద ఆకుపచ్చటి ద్వీపం.

"మ్యాపుల్లో దీని పేరు వేరు. మనం మొగలిదీవి అంటాం. బంగాళాఖాతంలో మనది. ఒడ్డంతా కొబ్బరి, మొగలి. మధ్యలో కొండ. కొండ అవతల మన రాడార్ స్టేషన్. అక్కడ నలభై మంది ఉంటారు."

"టార్గెట్ రాడారా?"

"అవును. సముద్రంలో ఎక్కడుందో తెలియని శత్రువుల ఓడ మీంచి డ్రోన్లు వస్తాయి. ఎత్తుగా వస్తే రాడార్ పట్టేస్తుంది. అందుకని కొండని ఒరుసుకుంటూ రావాలి. దానికి ఆ నేల ఎత్తుపల్లాలు అంగుళం అంగుళం కావాలి. శాటిలైట్ ఫొటోలు, ఎలివేషన్ డేటా కలిపి ఆ మ్యాప్ చేస్తున్నారు. ఎక్కడో కాదు, కాశీబుగ్గ దాటాక ఒక మూతపడ్డ జీడి ఫ్యాక్టరీలో."

"పలాసలోనా? ఎందుకు?"

"శాటిలైట్‌కి నేల కనిపించదు, గౌతమ్. కొబ్బరి మట్టలు కనిపిస్తాయి. చెట్టు ఎత్తు తీసేస్తే గానీ నేల ఎత్తు రాదు. ఆ ద్వీపంలో దిగి చెట్లు కొలవలేరు. అందుకని ఈ పక్కనున్న జలంత్రకోట, కంచిలి తోటల్లో కొలిచారు. అదే కొబ్బరి, అదే ఇసుక, అదే గాలి. తుఫాను నష్టం సర్వే అంటే రైతులు కొబ్బరిబొండాలు కొట్టి మరీ ఇచ్చారు."

"రెయిడ్ చేద్దాం."

"వద్దు. నువ్వక్కడ ఎలివేషన్ అనలిస్ట్‌గా చేరతావు. ఊరు హరిశ్చంద్రపురమే చెప్పు, యాస ఎలాగూ నీదే. చూడు. వీలైతే డేటా చెడగొట్టు."

"వీలుకాకపోతే?"

నాగసుధ లాప్‌టాప్ మూసింది. "చూస్తూ ఉండు."

ఆమె ఇచ్చిన దళసరి కళ్ళద్దాల ఫ్రేములో కెమెరా ఉంది.

*

ఈశ్వర్ అద్దెకున్న గదే గౌతమ్‌కి దొరికింది. ఇంటావిడ జగదాంబ. ఆమె భర్త వారంలో మూడుసార్లు డయాలిసిస్‌కి పలాస వెళ్తాడు.

"నీకు ముందు ఇక్కడున్నబ్బాయి టేసన్లో పోయాడు బాబూ," అంది మొదటి పూటే అన్నం వడ్డిస్తూ. "ఆడికి కిడ్నీ జబ్బని నాకెప్పుడూ సెప్పలేదు. మాయాయన నీలు కొలుసుకు తాగుతుంటే ఆడు సెంబుడు నీలు గటగటా తాగేవోడు. ఎవులూ రాలేదు శవం కోసం. మునిసిపాలిటీవోలే పట్టుకుపోనారు. నీకేటైనా తెలుసా, ఆడికి ఎవులైనా ఉన్నారేటి?"

"నాకేటి తెలుసు పిన్నీ," అన్నాడు గౌతమ్.

ఈశ్వర్ పెళ్ళికి వెళ్ళాడతను. ఈశ్వర్ కూతురికి పేరు పెట్టిన రోజున ఉయ్యాల కట్టాడు. తల వంచుకుని పప్పు కలుపుకున్నాడు.

*

ఫ్యాక్టరీలో జీడితొక్క నూనె వాసన ఇంకా పోలేదు. గింజలు ఆరబోసే హాలులో ఇప్పుడు వరసగా కంప్యూటర్లు. ఫోన్లు గేటు దగ్గరే లాక్కున్నారు. చుట్టుపక్కల ఊళ్ళ ఇంజినీరింగ్ పిల్లలు తలలు వంచి తోటల హద్దులు గీస్తున్నారు. వాళ్ళకి అది ఉద్యోగం, అంతే.

లోపలి గదిలో రెమీ ఉంటాడు. ఏ దేశంవాడో ఎవరికీ తెలియదు, పాస్‌పోర్టులు మాత్రం చాలా ఉన్నాయి. పక్కన అతని పార్ట్‌నర్. పట్టు కుర్తా, సన్నటి సెంటు వాసన.

"సింధూర," అంది చెయ్యి చాపి. "హరిశ్చంద్రపురమట కదా మీది?"

ఫుట్‌బ్రిడ్జి మీద చూసిన ముఖం. గౌతమ్ ఆ చేతిని పట్టుకుని ఊపాడు. ఆ చేతిని విరిచెయ్యాలనిపించింది. "అవునండి," అన్నాడు.

మొగలిదీవి అతని స్క్రీన్ మీదికి ముక్కలుగా వచ్చింది. పేరు లేదు, నంబరు మాత్రమే. మబ్బులు కప్పిన చోట వేరే రోజు ఫొటో అతికించాలి. మడచెట్ల నీడని నీటి నుంచి విడదీయాలి. చెట్ల ఎత్తు తీసెయ్యాలి. రోజులు గడిచేకొద్దీ పచ్చటి మరకలోంచి నేల లేచింది. వాగు, లోయ, కొండ మెడ, అవతల చదును. ఆ చదునులో చిన్న తెల్లటి చుక్కలు. అవి క్వార్టర్స్ కప్పులు. ఒక కప్పు పక్కన ఎవరో బట్టలారేసిన తీగ నీడ కూడా కనిపించింది. గౌతమ్ దాన్ని చూసిన ప్రతిసారీ చూపు తిప్పుకున్నాడు.

చెడగొట్టాలని చూశాడు. లోయలో ఒక చోట ఎత్తు మార్చాడు. ఉదయానికి అది సరిచేసి ఉంది. అతని పేరున ఎర్ర గుర్తు. ప్రతి క్లిక్కూ రికార్డవుతోంది, ప్రతి ముక్కనీ ఇంకొకరు తిరిగి చూస్తున్నారు. సింధూర వచ్చి కుర్చీ వెనక నిలబడింది.

"జాగ్రత్తగా చెయ్యండి. రెండోసారి తప్పు పడితే రెమీకి నచ్చదు."

సాయంత్రం బజారులో పబ్లిక్ ఫోన్‌లా కనిపించే, ఎవరూ దొంగచాటుగా వినలేని లైన్ మీంచి నాగసుధకి చెప్పాడు. "మేడమ్, నావల్ల కావట్లేదు. మ్యాప్ పూర్తవుతోంది. పర్ఫెక్ట్‌గా వస్తోంది. కొంత నేనే చేస్తున్నాను."

"కానివ్వు."

"ద్వీపం ఖాళీ చేయించండి."

"హెడ్‌క్వార్టర్స్‌లో లీకుంది. ఒక్క బోటు కదిలినా వాళ్ళకి తెలుస్తుంది. చూస్తూ ఉండు, గౌతమ్."

లైన్ కట్టయింది. రోడ్డు మీద జీడిపప్పు బస్తాల ఆటోలు పోతున్నాయి. ఇంకెవరికి చెప్పాలో తెలియక అతను గది వైపు నడిచాడు.

*

మ్యాప్ పూర్తయిన మధ్యాహ్నం పిల్లలందరికీ సెలవిచ్చారు. గౌతమ్‌ని ఉండమన్నారు. సింధూర సైగ చెయ్యగానే రెమీ అతని కళ్ళద్దాలు తీసి, ఫ్రేమును వేళ్ళతో విరిచాడు. కెమెరా బల్ల మీద పడింది.

ఇద్దరు మనుషులు అతన్ని కుర్చీకి కట్టేశారు. రెమీ చేతిలో సిరంజి. ఎదురుగా స్క్రీన్ మీద మొగలిదీవి నెమ్మదిగా తిరుగుతోంది.

"సముద్ర మట్టం కరెక్షన్ వేశావా?" రెమీ సింధూరని అడిగాడు.

"వేశాను. చూసుకో."

రెమీ ఒడ్డు మీద ఒక చోట నొక్కాడు. సున్నా. కొండ శిఖరం మీద నొక్కాడు. నూటయాభై మీటర్లు. తల పంకించి గౌతమ్ వైపు తిరిగాడు. "ఇందులో ఏం చెడగొట్టావు?"

ఏమీ లేదు. అదే నిజం. ఎంత వెతికినా వీలు దొరకలేదు. కానీ ఉందంటే మొత్తం మళ్ళీ చెక్ చేస్తారు. ఒక రోజు పడుతుంది. ఆ రోజులో ఏమైనా జరగొచ్చు.

"చెడగొట్టాను," అన్నాడు గౌతమ్. "ఎక్కడో చెప్పను. పంపిస్తే మీ డ్రోన్లన్నీ పోతాయి."

రెమీ అతని ముఖంలోకి పరీక్షగా చూశాడు. గౌతమ్ చూపు నిలబెట్టాలని ప్రయత్నించాడు. స్క్రీన్ మీదున్న ఆ తెల్లటి చుక్కల వైపు కళ్ళు వాటంతటవే పోయాయి. నుదుటి చెమట కంట్లోకి దిగింది.

రెమీ నవ్వాడు. "నిజంగా చెడగొట్టినవాడు మ్యాప్ బాగుందని ఒట్టేస్తాడు. నీకు టైం కావాలి, అంతేగా? సింధూరా, రీచెక్ అక్కర్లేదు. ఇప్పుడే పంపు."

"ఫుల్ ఫైల్ ఎక్స్‌పోర్ట్ చెయ్యాలి," అంది సింధూర. కీబోర్డు ముందు కూర్చుంది. వేళ్ళు చకచకా కదిలాయి. నీలం గీత స్క్రీన్ అడుగున పాకడం మొదలుపెట్టింది.

"వద్దు," అన్నాడు గౌతమ్. "అక్కడ నలభై మంది ఉన్నారు. సింధూరగారూ, మిమ్మల్ని బతిమాలుకుంటున్నాను. ఆపండి."

ఆమె తిరిగి చూడలేదు. గీత చివరికి చేరింది. పంపడమైపోయింది.

రెమీ సిరంజి ఆమె చేతికిచ్చి, వాచీ చూసుకుని మనుషులతో బయటికి నడిచాడు. "క్లీన్ చేసి రా." కారు స్టార్టయిన చప్పుడు వినిపించింది.

సింధూర సూదిలో గాలి తీసి, అతని మెడలో గుచ్చింది.

గౌతమ్ కళ్ళు మూసుకున్నాడు. ఈశ్వర్ మోకాళ్ళ మీద పడటం కనిపించింది. గుండె ఎప్పుడాగుతుందా అని వింటూ కూర్చున్నాడు. అది కొట్టుకుంటూనే ఉంది.

"సెలైన్. మందు ముందే మార్చేశాను," అంది సింధూర అతని కట్లు విప్పుతూ. "ఊపిరి తీసుకోండి."

అతను మెడ తడుముకున్నాడు.

"శాటిలైట్ లెక్కలో సున్నా వేరు, సముద్రానికి సున్నా వేరు. ఆ వైపు సముద్రం శాటిలైట్ సున్నాకి అరవై మీటర్లు కింద ఉంటుంది. అది సరిచెయ్యడమే కరెక్షన్. రెమీ చూసినప్పుడు ఉంది. పంపేటప్పుడు తీసేశాను. వాళ్ళ ఫైల్లో నూటయాభై మీటర్ల కొండ తొంభై మీటర్లే. డ్రోన్లు దాన్ని దాటేశామనుకుంటాయి."

"మీరు... నాగసుధ మనిషా?"

"ఇవాళ్టిదాకా."

"స్టేషన్లో ఈశ్వర్‌ని చంపుతారని తెలుసా?"

"ముందు రోజే తెలుసు."

"ఆపలేదు."

సింధూర హ్యాండ్‌బ్యాగ్ భుజానికి తగిలించుకుంది. "మీరూ ప్లాట్‌ఫాం మీదే ఉన్నారు. నేను చూశాను."

ఆమె బయటికి నడిచింది. స్కూటీ చప్పుడు బారువ రోడ్డు వైపు దూరమైపోయింది.

*

తెల్లవారకముందే మొగలిదీవి కొండ తూర్పువాలులో డ్రోన్లు ఒకదాని వెనక ఒకటి పేలిపోయాయి. చెట్లు కాలాయి, మనుషులకేమీ కాలేదు. అవి వచ్చిన దారి పట్టుకుని మన నేవీ ఆ ఓడని చుట్టుముట్టింది. రెమీ ఇచ్ఛాపురం దగ్గర దొరికాడు.

టెక్కలి గెస్ట్‌హౌస్‌లో నాగసుధ ఇదంతా చెప్తుంటే గౌతమ్ గోడవైపు చూస్తూ విన్నాడు.

"రెయిడ్ చేస్తే కంప్యూటర్లు దొరికేవి, ఓడ దొరికేది కాదు. ఇంకో ఊళ్ళో ఇంకో ఫ్యాక్టరీ తెరిచేవాళ్ళు," అందామె. "రెమీ ఆఖర్న రీచెక్ చెయ్యకూడదు. అది ఒక్కటే నా సమస్య. మ్యాప్ బాగుందని అతను నమ్మాలంటే, దాన్ని చెడగొట్టలేకపోయిన మనిషి ఒకడు అతని చేతికి చిక్కాలి."

"చిక్కడానికే పంపారా నన్ను?"

"నువ్వు అబద్ధం సరిగ్గా ఆడలేవు. నీ ఫైల్లో ఆ మాట నేనే రాశాను."

"ఆమె చెయ్యి తడబడి ఉంటే?"

నాగసుధ కిటికీ దగ్గరికి వెళ్ళి కర్టెన్ సర్దింది.

"ఆమె ఎక్కడుంది?"

"నాకూ తెలీదు. తెలియకపోవడమే ఆమెకి మంచిది."

"ఈశ్వర్ సంగతి? అతని భార్యకి ఏం చెప్తాం?"

"కిడ్నీ అని చెప్పేశాం."

*

సామాను తీసుకోవడానికి వచ్చిన గౌతమ్‌ని జగదాంబ తిననిదే కదలనివ్వలేదు. పనసపొట్టు కూర వడ్డించి ఎదురుగా పీట మీద కూర్చుంది. మెడ మీద దూదిపట్టీ చూసింది గానీ అడగలేదు.

"అప్పుడే ఎల్లిపోతన్నావేటి? కంపెనీ మూసేసినారట గదా."

"అవును పిన్నీ."

"ఇంతకీ అక్కడ నీ పనేటి బాబూ?"

"కొండలు ఎంత ఎత్తున్నాయో కొలవడం."

"కొలిసినారా?"

"ఒక కొండ కొలిచాం. తప్పు లెక్క పంపేం."

ఆమె చెయ్యి కూర గిన్నె మీద ఆగిపోయింది. "అయ్యో. మరి జీతం కోసేత్తారేమో."

"లేదు పిన్నీ. ప్రమోషనిచ్చారు."

జగదాంబ అతన్ని కాసేపు అనుమానంగా చూసింది. తర్వాత ఆమె ముఖం తేటపడింది.

"అలా సెప్పు మరి," అంది ఇంకో గరిటె వేస్తూ. "గవర్నమెంటు ఉజ్జోగమన్నమాట."