సేటుకి వేసిన కొసరు

మా సేటు తిండి మానేసి ఆరు రోజులైంది. సేటు మా కుక్క. నరసరావుపేటలో మా దాణా కొట్టుకి పదేళ్లుగా అదే కాపలా. పెరుగన్నం పెట్టినా, కోడికూర పెట్టినా మొహం తిప్పుకుంది. దాన్ని చూసి మా అమ్మ రాఘవమ్మ కూడా ముద్ద మింగడం మానేసింది. అంటే నాకు నష్టం రెండింతలు.

డాక్టర్ హిమజ సేటు పొట్ట తడిమి చూసింది.

"లివర్ చెడింది. మందులు పనిచేసేదాకా తిండి లోపలికి పోవాలి. మెడ పక్కన చిన్న గాటు పెట్టి ట్యూబు వేద్దాం."

"మెడకి చిల్లా? ఇంకేదైనా చూడండి డాక్టరు గారూ, కొంచెం అటూ ఇటూగా..."

"బేరమాడటానికి ఇది మీ కొట్టు కాదండీ. తినకపోతే వారం గడవదు."

కోపంలో ఆమె మరీ బాగుంది. నచ్చిన సంగతి మొహంలో కనపడితే బేరం పోయినట్టే. నేను గోడమీది క్యాలెండర్ వంక చూశాను.

ట్యూబు వేశాక జాగ్రత్తలు చెప్పింది. "తిండి మెత్తగా రుబ్బి, వడగట్టి, గోరువెచ్చగా పోయాలి. ఇవాళ పూటకి యాభై మిల్లీలీటర్లే. సిరంజీతో పావుగంట సేపు, నెమ్మదిగా."

మా వంశంలో కచ్చితమైన తూకంతో సరిపెట్టినవాడు లేడు. పైన గుప్పెడు కొసరు పడితేగాని సంచి మా కొట్టు దాటదు. ఇంటికొచ్చి యాభై పోశాను. సేటు పాత గిరాకీలా నా వంక చూసింది. ఇంకో ముప్ఫై పోశాను, గబగబా.

అంతా కక్కేసి వణికిపోయింది.

"ఒరేయ్ చైతన్యా, చంపేశావు కదరా!" అంది అమ్మ. సేటుని ఆటోలో వేసుకుని పరుగెత్తాను.

హిమజ స్టెత్ పెట్టి చానాసేపు విన్నది. "ఊపిరితిత్తుల్లోకి పోలేదు, అదృష్టం. ఎంత పోశారు?"

"ఎనభై."

"నేను యాభై కదా చెప్పింది!"

"మిగతాది కొసరండీ."

తిట్టడానికి నోరు తెరిచి నవ్వేసింది. తర్వాత తిట్టింది. "రేపటినుంచి సాయంత్రం పూట నా కళ్లముందే పోయండి."

అలా పన్నెండు సాయంత్రాలు. నా అంత నెమ్మదిగా సిరంజీ నొక్కినవాడు పల్నాడులో ఉండడు.

పదమూడో రోజు పొద్దున సేటు లేచి, అమ్మ పళ్లెంలోని ఇడ్లీ లాగేసుకుంది. అమ్మ ఏడుస్తూ తానూ రెండు తిన్నది.

నేను లెక్క వేసుకున్నాను. చెబితే ట్యూబుతో పాటు నా పావుగంటా పోతుంది. చెప్పకపోతే సేటు మెడలో అక్కర్లేని గొట్టం మిగులుతుంది. పదేళ్లు కాపలా కాసిన జీవికి అంత మోసం చేయలేక, సాయంత్రం చెప్పేశాను.

"మంచిమాట! మరి మీ మొహం ఏంది అట్టా ఉంది?" అంది హిమజ.

"ట్యూబు తీసేస్తారుగా."

"వెంటనే తియ్యం. నాలుగు రోజులు సొంతంగా తినాలి."

"ఐదో రోజు?"

"సేటుకి ఇక్కడ పనుండదు."

"నాకుంటేనో? మీరంటే నాకు చానా ఇష్టమండీ."

ఆమె సిరంజీ కడిగి పక్కన పెట్టింది. "ఈ ముక్కకి పన్నెండు రోజులా? ఆదివారం మా ఇంటికి భోజనానికి రండి. సేటునీ తీసుకురండి. మా నాన్నకి మనుషులమీద కంటే కుక్కలమీద నమ్మకం ఎక్కువ."

అంటే నా పెళ్లిమాట సేటు చేతిలో పడింది.