వెనక్కి తిప్పిన పిలుపు

శుక్రవారం అరకు సంత కాబట్టి కాఫీ నర్సరీలో పని మధ్యాహ్నానికే తెమిలిపోయింది. ఆగస్టు నెల. తెల్లవారినప్పటి నుంచీ ముసురు పట్టి ఉంది. నర్సరీ గుమాస్తా ఫల్గుణ గొడుగు వేసుకునే బయల్దేరాడు గానీ, ఆ గొడుగు తన నెత్తికి పట్టలేదు. చంకలో ఉన్న పార్సిలుకి పట్టాడు. ఇల్లు చేరేసరికి పార్సిలు పొడిగా ఉంది, మనిషి ముద్దయిపోయాడు.

"ఏటి గుంటడా, నువ్వు తడిస్తే పర్లేదు గానీ అట్టపెట్టి తడవకూడదేటి?" అంది పొయ్యి దగ్గర మొక్కజొన్న పొత్తులు కాలుస్తున్న తల్లి ముత్యాలమ్మ. ముప్పై రెండేళ్ళవాణ్ణి ఇంకా గుంటడా అనే పిలుస్తుంది ఆవిడ.

పార్సిలు విశాఖపట్నం నుంచి స్నేహితుడు ధర్మతేజ పంపింది. విప్పకుండానే తెలుసు, లోపల ఓ క్యాసెట్టూ ఓ ఉత్తరమూ ఉంటాయని. ఆరేళ్ళుగా వస్తున్నవే. అయితే ఈసారి ఉత్తరం కోసం ఫల్గుణ నెలరోజులు కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూశాడు. అది అతని పేరు సంగతి తేల్చాల్సిన ఉత్తరం.

ఆ పేరు గొడవ చెప్పాలంటే ముందు పాటల పిచ్చి చెప్పాలి. విశాఖలో డిగ్రీ చదివేటప్పుడు ఫల్గుణ, ధర్మతేజ ఒకే గదిలో ఉండేవాళ్ళు. ఫల్గుణ కొండ మీద నుంచి, ధర్మతేజ విజయనగరం పక్క నుంచి. ధర్మతేజ దగ్గర టేప్ రికార్డరు, దాంతోపాటు స్టోన్ ఫెర్రీ అనే ఇంగ్లీషు రాక్ బ్యాండు క్యాసెట్లూ ఉండేవి. డెబ్భైల్లో వెలిగిన బ్యాండు. పాటగాడు ఆఖరి టూరు మధ్యలో చచ్చిపోవడంతో మిగతా ముగ్గురూ చెట్టుకొకరు పుట్టకొకరు అయిపోయారట. కంపెనీవాళ్ళు అమ్మిన క్యాసెట్ల కన్నా, కచేరీలకెళ్ళిన అభిమానులు కోటుల్లో రికార్డర్లు దాచుకుని దొంగచాటుగా పట్టిన టేపులంటే ఈ ఇద్దరికీ ప్రాణం. అలాంటి టేపులు ఓడల మీద వచ్చి హార్బరు దగ్గర చేతులు మారేవి.

దేశం మొత్తం మీద అలాంటి పిచ్చివాళ్ళు నలభైమంది ఓ క్లబ్బు కట్టారు. రెండు నెలలకోసారి జిరాక్సు పుస్తకం వేసేవారు. ఏ ఊరి కచేరీ బాగుంది, ఏ టేపు స్పీడు ఎక్కువైంది, డ్రమ్ములవాడు ఎక్కడ తప్పేశాడు, ఇదీ అందులో సరుకు. అందులో గొప్ప రివ్యూలన్నీ ఫల్గుణవే. మంచులో కనబడని ఆవు ఎవరిదో మెడలో గంట విని చెప్పే ఊళ్ళో పెరిగిన చెవులవి. పాట ఒకసారి వినేవాడు. వెనక్కి తిప్పి రెండోసారి వినేవాడు. అప్పుడు రాసేవాడు. ఒక్కసారి విని రాసేది రివ్యూ కాదు, పుకారు అనేవాడు. ఇంగ్లీషు చదవగలడు గానీ రాయడానికి చెయ్యి సాగదు. అందుకని తెలుగులో రాసి పంపితే ధర్మతేజ ఇంగ్లీషు చేసేవాడు. "ఇద్దరి పేర్లూ వేస్తున్నానురా" అని ఉత్తరాల్లో రాసేవాడు. పుస్తకం మాత్రం ఎప్పుడూ కొండెక్కలేదు. పోస్టులో తడిసిపోతుందని దాచానంటే ఫల్గుణ నమ్మాడు.

జులైలో ఆఫీసు పని మీద విశాఖ వెళ్ళి ధర్మతేజ ఇంటికి పోయాడు. ధర్మతేజ భార్య జయశ్రీ టీ పెడుతుంటే అలమరలో పుస్తకాలు కనిపించాయి. ఒకటి తీశాడు. ఇంకోటి తీశాడు. ముప్పై నాలుగూ చూశాడు. అన్నిట్లోనూ ఒకే పేరు, ధర్మతేజ. ఓ పుస్తకంలో క్లబ్బువాళ్ళు "ధర్మతేజ చెవులకు నమస్కారం" అని పెద్దక్షరాలతో వేశారు. ఫల్గుణకి ముందు కోపం రాలేదు, సిగ్గేసింది. తన చెవులకి ఎవరో వేరేవాడు నమస్కారాలు అందుకుంటుంటే తను ఆరేళ్ళు కొండ మీద కూర్చుని సంబరపడ్డాడు. టీ తాగాడు, బాగుందన్నాడు, కిరండూల్ పాసింజరెక్కి వచ్చేశాడు. ఇంటికొచ్చి ఒక్క ముక్క రాశాడు. నా పేరు చెప్పు, లేకపోతే ఇక నేను రాయను.

దానికి జవాబు ఇప్పుడు చేతిలో ఉంది.

"ఒరేయ్ ఫల్గుణా, తప్పు నాదే. చెప్పేశానురా, అవన్నీ రాసింది నువ్వేనని. నీ పేరు ఎలా పలకాలో కూడా నేర్పాను. ఈ క్యాసెట్టు ఆఖరి టూరుది. ముప్పై ఐదో నిమిషం దగ్గర, పాట అయ్యాక, జాగ్రత్తగా విను. ఒక్కసారి విని వదిలెయ్యకు. నీ అలవాటు ప్రకారం వెనక్కి తిప్పి రెండోసారి కూడా విను. మరిచిపోకు. తేజ."

ఫల్గుణ ఉత్తరం రెండుసార్లు చదివాడు. కళ్ళు చెమర్చాయి. స్నేహితుడు దొంగ అని నెలరోజులు మోసిన బరువు ఒక్క కాగితంతో దిగిపోయింది. మనిషి అంత తొందరగా క్షమించకూడదు గానీ, క్షమించాలని కాచుకు కూర్చున్నవాణ్ణి ఎవరాపుతారు?

ఆఖరి టూరు టేపంటే అతనికి ఓ పాత సంగతి గుర్తొచ్చింది. రెండేళ్ళ కిందట ఆ టూరుదే మరో టేపుకి రివ్యూ రాస్తూ, "పాడేవాడిలో ప్రాణం లేదు" అన్నాడు. ధర్మతేజ దాన్ని ఉన్నదున్నట్టు ఇంగ్లీషులోకి దించాడు. తరవాత క్లబ్బులో ఎవరో లెక్కలు తీసి, ఆ టేపు మీదున్న తేదీ పాటగాడు పోయిన నాలుగు రోజుల తరవాతదని తేల్చారు. లేబులు తప్పులే అని అందరూ నవ్వుకున్నారని ధర్మతేజ రాశాడు. ఫల్గుణా నవ్వాడు.

టేప్ రికార్డరు కిటికీ పక్క బల్ల మీద పెట్టి, నోటు పుస్తకం తెరిచి, మీట నొక్కాడు.

ముందు సన్నటి బుసలాంటి చప్పుడు. తరవాత జనం. రికార్డరు దాచుకున్నవాడి పక్కన ఎవరో దగ్గారు. సీసా ఒకటి నేల మీద దొర్లింది. గిటారు మొదలైంది, డ్రమ్ములు అందుకున్నాయి. ఫల్గుణ రాసుకుంటూ పోయాడు. బయట పెంకుల మీద వాన, లోపల కాలుతున్న పొత్తుల వాసన. మధ్యాహ్నం మూడింటికే గదిలో దీపం పెట్టాల్సినంత మబ్బు.

మూడో పాటకి పెన్ను ఆగింది.

పాటగాడు చరణం పాడుతున్నాడు. పొడుగాటి చరణం. ఒక వరస, వెంటనే ఇంకో వరస, వెంటనే మరోటి. ఎక్కడా ఊపిరి తీసుకున్న చప్పుడు లేదు. ఫల్గుణ చెవి స్పీకరుకి ఆనించాడు. తడిసిన గోనెసంచి వాసనలాంటిది వచ్చింది, స్పీకరులోంచే. వానాకాలం కదా, బల్లకి చెమ్మ పట్టిందనుకున్నాడు.

ముప్పై నాలుగో నిమిషం. పాట అయిపోయింది. చప్పట్లు, ఈలలు. నిజం కచేరీలో చప్పట్లు మెల్లిగా సన్నగిల్లుతాయి, ఆఖరున ఎవడో ఒకడు ఇంకా కొడుతూనే ఉంటాడు. ఇవి అలా కాదు. అన్నీ ఒక్కసారిగా... ఆగిపోయాయి.

నిశ్శబ్దం. ఎవరో మైకుకి బాగా దగ్గరగా వచ్చారు.

"ఫల్గుణా."

అతని పెదాలు వాటంతట అవే బిగుసుకున్నాయి. వాళ్ళ ఊళ్ళో పాలు మరవని పిల్లకి కూడా నేర్పే సంగతి అది. పేరు పెట్టి ఒక్కసారి పిలిస్తే పలకకూడదు. మనిషైతే రెండోసారి పిలుస్తాడు. మనిషి కానిది ఒక్కసారే పిలవగలదు. హాస్టల్లోనూ ఇదే తంతు. మొదటి పిలుపుకి పలకడు. ధర్మతేజ ఆ సంగతి కనుక్కుని పడీ పడీ నవ్వి, ఆ తరవాత మూడేళ్ళూ "ఫల్గుణా ఫల్గుణా" అని జంటగానే పిలిచాడు.

అది తలచుకుని ఫల్గుణ ఇప్పుడు నవ్వుకున్నాడు. తేజగాడి పనే. ఎవరిచేతో పిలిపించి టేపులో అతికించాడు. ఎంత బాగా పలికించాడు! కన్నతల్లి కూడా ఎప్పుడైనా పేరు పెడితే పల్గునా అనే అంటుంది. ణ సరిగ్గా పడింది. తన పేరు, స్టోన్ ఫెర్రీ టేపులో, అంత జనం మధ్యన. ఇంకోసారి వినాలనిపించింది.

వెనక్కి తిప్పాడు. చప్పట్లు. ఆగాయి.

"ఫల్గుణా."

"ఆఁ," అన్నాడు.

అనాలని అన్నది కాదు. ముప్పై రెండేళ్ళ అలవాటు. మొదటి పిలుపుకి మూసుకున్న నోరు రెండో పిలుపుకి తెరుచుకుంది.

"ఎవులికి పలికినావురా?" పొయ్యి దగ్గర్నుంచి తల్లి.

"టేపులోనమ్మా."

"ఏటి?"

"టేపులో పిలిచారు."

"పలకవేటిరా?" ముత్యాలమ్మ పొత్తు చేత్తో పట్టుకునే గుమ్మంలోకి వచ్చింది. "ఎవులో పిలిసినట్టు ఇనబడింది. ఎన్నిసార్లు పిలిసినారు?"

రెండుసార్లన్నాడు. ఆవిడ అలాగే చూస్తూ నిలబడింది. వాన హోరులో వినబడలేదేమోనని రెండు వేళ్ళు ఎత్తి చూపించాడు.

"అయితే మనిసే," అని నిమ్మళంగా వెనక్కి పోయింది.

ఫల్గుణ ఎత్తిన వేళ్ళ వంకే చూస్తూ ఉండిపోయాడు. రెండు వేళ్ళు. మొదటి పిలుపు టేపుది. రెండోది... రెండోది తను మీట నొక్కితే వచ్చింది. అది ఒక్కసారే పిలిచింది. రెండోసారి పిలిపించుకున్నది తను.

టేపు ఆపాడు. ఇదంతా వేళాకోళమేనని తేల్చుకోవాలి. తేజగాడు నవ్వుతూ ఏదో చెప్పే ఉంటాడు, అవతలి వైపున. క్యాసెట్టు తిరగేసి పెట్టాడు.

ఫ్యాను చప్పుడు. దూరంగా ఓడ కూత. విశాఖలో ధర్మతేజ గది అది. తరవాత ధర్మతేజ గొంతు. గుసగుసగా, ఇంగ్లీషులో.

"నేను కాదు... దండం పెడతాను. పేరు నాదే పడింది, నిజమే. కానీ నీలో ప్రాణం లేదని విని కనిపెట్టింది నేను కాదు. రాసింది నేను కాదు."

సమాధానంగా ఏదో వినిపించింది. మాట కాదు. తడిగుడ్డ నేల మీద ఈడ్చినట్టు.

"వాడి పేరా? చెబుతాను. ఫల్గుణ."

"ఫాల్... గూ... నా." ఊపిరి లేని గొంతు.

"కాదు. ఫల్గుణ. నాలుక వెనక్కి మడిచి... ఆఁ. అలాగ." కాసేపు ఫ్యాను ఒక్కటే తిరిగింది. "ఒక్క పిలుపుకి వాడు పలకడు. రెండుసార్లు పిలవాలి... ఒక్కసారే పిలవగలవా? పర్లేదు... ఆ రెండోది నేను చూసుకుంటాను. నన్ను వదిలెయ్."

టేపు తిరుగుతూనే ఉంది.

ఆరేళ్ళు వాడు దాచిన పేరు. ముప్పై నాలుగు పుస్తకాల్లో ఒక్క మూల కూడా చోటివ్వని పేరు. నోరు విప్పి చెప్పిన మొదటిసారి... దానికి చెప్పాడు. ణ తప్పు పోకుండా నేర్పి మరీ చెప్పాడు. భయం కన్నా ముందు ఏడుపొచ్చింది ఫల్గుణకి. నోరు తెరిచి ఏడ్చాడు. పక్కగదిలో ఉన్న తల్లి ఏమిటని అడగలేదు.

గొడుగు లేకుండా పరిగెత్తాడు. వానకి సంత ఎప్పుడో చెదిరిపోయింది. రోడ్డు మీద పిట్ట లేదు. వంతెన ఇవతల వరహాలరావు ఫోను బూత్ ఒక్కటీ తెరిచి ఉంది. వరహాలరావు బల్ల మీద తల వాల్చి కునుకు తీస్తున్నాడు. ఫల్గుణ లేపలేదు, తనే నంబరు తిప్పాడు.

రెండు మోతల తరవాత జయశ్రీ ఎత్తింది. "హలో. ఎవరండీ?"

"నేనమ్మా, ఫల్గుణని. తేజని పిలు."

"హలో?"

"ఫల్గుణని! అరకు నుంచి!"

"హలో... ఎవరండీ?" ఆవిడ గొంతు పక్కకి తిరిగింది. "ఏవండీ, ఎవరో మాట్లాడ్డం లేదు. ఏదో కచేరీలా ఉంది. బోలెడంత జనం... చప్పట్లు కొడుతున్నారు."

"పెట్టెయ్," అంది ధర్మతేజ గొంతు, గుసగుసగా. "జయా, పేరు మాత్రం అడక్కు. పెట్టెయ్."

లైను తెగింది.

ఫల్గుణ రిసీవరులోకి తన పేరు మళ్ళీ చెప్పాడు. గొంతు నరాలు తెగేలా అరిచాడు. గొంతు మీద చెయ్యి వేసి చూసుకున్నాడు. నరాలు అదురుతున్నాయి. చప్పుడు లేదు.

చల్లగాలికి కాబోలు, వరహాలరావు లేచాడు. కళ్ళు నులుముకుని ఫల్గుణ వంక చూశాడు, ఆ తరవాత అతని భుజం మీదుగా రోడ్డు వంక చూశాడు.

"ఎప్పుడొచ్చినారు బాబూ? లైను కలవనేదా?" అన్నాడు. "అయ్యో, మీతో వచ్చినోల్లని అలా వానలో నిలబెట్టేసినారేటండీ? అరుగు మీదకి రమ్మనండి." మెడ సాచి ఇంకాస్త దూరం చూశాడు. "పట్టరులెండి. వంతెన దాకా ఉన్నారు." గొంతు తగ్గించి, "ఏటి బాబూ, అందరూ మీరేదో పాడతారన్నట్టు చూస్తన్నారు?" అన్నాడు.