నిండు ప్లేటు

సోమవారం ఉదయం ఢిల్లీ మునిర్కాలోని ఆ రెండో అంతస్తు ఆఫీసు గదిలోకి వచ్చిన ఫేబీ, కుర్చీలో కూర్చోకముందే ఏడ్చేసింది.

"నేను దొంగని కాను మేడమ్. నిన్న చర్చిలో క్వయర్‌తో పాడొద్దన్నారు. వార్డులోకి నేను వస్తే చాలు, పర్సులు లోపల దాచేసుకుంటున్నారు."

డిటెక్టివ్ అన్నపూర్ణేశ్వరి మంచినీళ్ల గ్లాసు ఆమె ముందుకు జరిపింది. సివిల్స్ చదువు వదిలేసి డిటెక్టివ్ దగ్గర సహాయకురాలిగా చేరిన వర్షిణి నోటుబుక్కు తెరిచింది. మేడమ్ ప్రశ్నలు అడుగుతుంటే చూడడం వర్షిణికి ఇప్పటికీ పండగే.

ఫేబీ, పెర్సిస్, జయకుమారి ఒకే ఆసుపత్రిలో నర్సులు. పెర్సిస్‌కు జర్మనీలో ఉద్యోగం వచ్చింది. బుధవారమే ప్రయాణం. శనివారం మధ్యాహ్నం ముగ్గురూ వసంత్ కుంజ్‌లోని ఇటాలియన్ రెస్టారెంటులో వీడ్కోలు భోజనానికి కూర్చున్నారు.

"వీసా పేజీ అందరం చూశాం. పాస్‌పోర్టు పెర్సిస్ అక్క చేతికే తిరిగిచ్చాను. కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకున్నాం. కాఫీ వేళకి చూస్తే అక్క బ్యాగులో లేదు. బ్యాగేమో నా పక్కనే ఉంది. జర్మన్ పరీక్ష రెండుసార్లు తప్పాను కదా, కుళ్లుతో తీశానని జయక్క అనేసింది."

"ఇంకేం గుర్తుంది?"

"పరీక్ష పాసైనవాళ్లకి అక్కడి భోజనం బల్ల మర్యాదలు కూడా నేర్పారని అక్క తెగ నవ్వించింది. తను మాత్రం తినలేదు పాపం. ప్లేటు నిండుగా ఉండగానే వెయిటరు తీసుకుపోయాడు. ఖాళీ అయిన నా ప్లేటేమో అలాగే ఉంచాడు. ఏం మనుషులో!"

అన్నపూర్ణేశ్వరి తలెత్తింది. "ఆ మాట రాసుకో వర్షిణీ."

జయకుమారి ఫోన్లో కస్సుమంది. "ఇంకెవరు తీస్తారండీ? నాకా, జర్మనీ ఆశే లేదు."

"పాస్‌పోర్టు బ్యాగులో పెట్టడం మీరు చూశారా?"

"పెట్టానని పెర్సిస్సే చెప్పింది."

"చూశారా?"

"...ప్రార్థనలో ఉన్నాం కదండీ."

రెస్టారెంటులో వెయిటరు రాజీవ్ ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "ఆ మేడమ్ ఫోర్కు, నైఫు పక్కపక్కన పెట్టేశారు. అలా పెడితే తినడం అయిపోయింది, తీసెయ్యమని అర్థం. మిగతా ఇద్దరూ ఫోర్కు ఒక అంచున, నైఫు ఒక అంచున పెట్టారు. అందుకే తియ్యలేదు."

"నాప్‌కిన్?"

"ప్లేటు మీదే, మడతపెట్టి. మాసిన బట్టల సంచిలో పడేశాను. ధోబీ రేపొస్తాడు."

సాయంత్రం నాలుగింటికి ముగ్గురినీ అదే బల్ల దగ్గర కూర్చోబెట్టి, అదే పాస్తా తెప్పించింది అన్నపూర్ణేశ్వరి. ఆ సంచిలో దొరికిన సాసు మరకల నాప్‌కిన్ ఒకటి బల్ల మీద ఉంచి విప్పింది. లోపల పాస్‌పోర్టు ఉంది.

"బ్యాగులో ఎవరూ చెయ్యి పెట్టలేదు. పాస్‌పోర్టు అసలు బ్యాగులోకే వెళ్లలేదు. అందరూ కళ్లు మూసుకున్నప్పుడు ఇది నాప్‌కిన్‌లోకి చేరింది. ఆసుపత్రి దుప్పటిలా అంచులు దోపి మడిచిన చెయ్యి నర్సుది, మీరు ముగ్గురూ నర్సులే. కానీ ఫోర్కూ నైఫూ పక్కపక్కన పెడితే నిండు ప్లేటైనా తీసుకుపోతారని ఈ బల్ల దగ్గర తెలిసింది ఒక్కరికే. ఆ మర్యాదలు నేర్చుకుంది మీరే, పెర్సిస్ గారూ."

జయకుమారి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పెర్సిస్ తల దించుకుంది.

"రెండేళ్లదాకా పిల్లాణ్ణి తీసుకెళ్లడానికి లేదన్నారు. సర్దుతుంటే మా దీపుగాడు సూట్‌కేసులో కూచుని, నన్ను కూడా పెట్టి మూసెయ్యమ్మా అన్నాడు. నాలుగేళ్లండీ వాడికి. సంఘమంతా నలభై రోజులు నాకోసం ఉపవాసం ఉంది. వీసా వచ్చిందని మా ఆయన చర్చిలో నిలబడి సాక్ష్యం చెప్పారు. దేవుడిచ్చింది నాకొద్దని ఎవరితో చెప్పను?"

"నాతో చెప్పొచ్చు కదక్కా," అంది ఫేబీ.

"నీ పేరు నేనెత్తలేదే."

"జయక్క ఎత్తితే కాదనలేదు. ఆదివారం నన్ను వెనక బెంచీలో కూర్చోబెడితే చూస్తూ ఊరుకున్నావు."

పెర్సిస్ బల్ల మీదుగా చెయ్యి చాచింది. ఆ చెయ్యి అక్కడే, పాస్‌పోర్టు పక్కన ఉండిపోయింది.

కేసు తేలినందుకు సంబరపడాలి కాబోలు. వర్షిణికి నోటుబుక్కు మూయాలని కూడా అనిపించలేదు. ఫేబీ ముందున్న పాస్తా వేడిగా, ముట్టుకోకుండా ఉంది. ఆమె ఫోర్కు తీసుకుంది, తర్వాత నైఫు. రెండింటినీ నెమ్మదిగా పక్కపక్కన పెట్టి, చేతులు ఒళ్లోకి తీసుకుంది.

రాజీవ్ వచ్చి, ఏమీ అడక్కుండా ప్లేటు తీసుకుపోయాడు.