చెయ్యెత్తే ఆవిడ

మా రివాస్ ఊరి డ్రైవర్లు నోరు మూసుకుని నడిపే చోటు ఒక్కటే ఉంది. లా విర్హెన్ ఊళ్ళో సరస్సు ఒడ్డు వదిలి సముద్రం వైపు తిరిగాక, రెండో కల్వర్టు పక్కన ఓ పెద్ద గ్వానకాస్తె చెట్టు. పగలు దాని కింద ఆవులు పడుకుంటాయి. చీకటి పడితే మాత్రం... అక్కడ ఎవరు చెయ్యెత్తినా బండి ఆపకూడదు.

ఎవరావిడ అంటే తలో మాటా చెబుతారు. వెనకటి రోజుల్లో కాలిఫోర్నియా బంగారం కోసం పోయేవాళ్ళు మా సరస్సు దాటి, గుర్రబ్బళ్ళలో ఈ దారినే సముద్రానికి వెళ్ళేవాళ్ళట. వాళ్ళలో ఒకావిడకి జ్వరం తగిలితే, అంటుకుంటుందన్న భయంతో ఆ చెట్టు కింద దించేసి పోయారట. అప్పట్నించీ వచ్చే ప్రతి బండికీ చెయ్యెత్తుతోందని అంటారు. ఆపిన వాడు బతకడనీ అంటారు. ఆపి చచ్చిన డ్రైవరు పేరు చెప్పమంటే మాత్రం ఒక్కడూ చెప్పడు.

నేను బస్టాండు పక్కన కాఫీ, మొక్కజొన్న పిండి అరిటాకులో చుట్టి ఉడికించిన నకతమాల్ పొట్లాలు అమ్ముతాను. డ్రైవర్ల కబుర్లన్నీ నా బల్ల మీదే పడతాయి. ఇది మాత్రం కబురు కాదు. ఎవెనోర్ నా ఎదురుగా కూర్చుని, తన నోటితో తాను చెప్పింది.

ఎవెనోర్ టాక్సీ నడుపుతాడు. మనిషి కోతలరాయుడే గానీ మనసు మంచిది. జనవరిలో, సరస్సు మీద గాలి మనిషిని తోసేసేంత జోరుగా ఉన్న రోజుల్లో, ఒక సాయంత్రం నలుగురిని సముద్రం దగ్గర దింపి ఖాళీ కారుతో తిరిగొస్తున్నాడు. ఏడు దాటింది. భార్యకి నిండు నెలలు. త్వరగా ఇంటికి చేరాలని తొందర.

కల్వర్టు దగ్గరికొచ్చేసరికి లైట్ల వెలుగులో చెట్టు కనబడింది.

చెట్టు కింద—ఒక ఆడమనిషి.

లేత రంగు బట్టలు. గాలికి జుట్టంతా మొహం మీద పడింది. కుడి చెయ్యి పైకెత్తి నిలబడింది. అరవలేదు, ఊపలేదు. ఎత్తింది, అంతే.

ఎవెనోర్‌కి బ్రేకు తొక్కాలని తోచలేదు. కాలు యాక్సిలరేటర్ మీదే ఉంది గనక కారు దూసుకుపోయింది. పెదవులు వాటంతటవే మరియమ్మని తలుచుకుంటున్నాయి. దాటిపోయాక అద్దంలోకి చూడకూడదని తెలుసు...

చూశాడు.

వెనక లైట్ల ఎర్రటి వెలుగులో ఆవిడ ఎత్తిన చెయ్యి మెల్లగా దించింది. ఆ భుజాన్ని రెండో చేత్తో పట్టుకుని కాసేపు నొక్కుకుంది. తర్వాత... ఎడమ చెయ్యి ఎత్తింది.

అదిగో, అది వాడి మనసులో ముల్లులా గుచ్చుకుంది. దెయ్యానికి చెయ్యి నొప్పి పుడుతుందా?

లా విర్హెన్ కూడలిలో తొమాసా చేపల కొట్టు ముందు కారాపాడు. ముందు నీళ్ళు తాగాలి.

"ఏంట్రా, సున్నం కొట్టినట్టుంది మొహం?" అంది తొమాసా. "కనబడిందా?"

"చెయ్యి మార్చింది అక్కా."

"ఏంటి?"

"కుడి చెయ్యి దించి ఎడమ చెయ్యి ఎత్తింది. నొప్పి పుట్టినట్టు."

పక్క బల్ల మీద చేప తింటున్న లారీ డ్రైవర్ చీలో పెద్దగా నవ్వాడు. "నాకూ ఎత్తిందిరా, గంట కిందట! నేనైతే గేరు మార్చాను. వెళ్ళు, వెనక్కెళ్ళి కాళ్ళు కూడా పట్టిరా. మీ ఆవిడకి నేను సర్దిచెబుతాలే."

"గంట కిందటా?" ఎవెనోర్ నీళ్ళ సీసా కింద పెట్టేశాడు. "గంట నుంచీ నిలబడే ఉందా?"

చీలో నవ్వు ఆగిపోయింది. రేకుల కప్పు గాలికి టపటపా కొట్టుకుంటోంది.

"పిచ్చి పనులు చెయ్యకు," అంది తొమాసా గొంతు తగ్గించి. "రేపో మాపో తండ్రివి కాబోతున్నావు. ఇంటికి పో నాయనా."

ఆ మాటే వాణ్ణి వెనక్కి తిప్పింది. తన భార్య ఆ పొట్టతో అలా రోడ్డు పక్కన చెయ్యెత్తి నిలబడితే... అందరూ గేరు మార్చుకుంటూ పోతే?

"నాతో ఎవరైనా వస్తారా?" అన్నాడు.

చీలో తలొంచుకుని చేపముల్లు ఏరుకోవడం మొదలుపెట్టాడు.

ఒక్కడే వెళ్ళాడు.

చెట్టు కింద ఎవరూ లేరు.

కారు దిగాడు. ఇంజను ఆపలేదు, తలుపు మూయలేదు. ఫోను లైటు వేసి చుట్టూ తిప్పాడు. గాలికి చెట్టు మొత్తం ఊగుతోంది. ఎండిన కాయలు నేల మీద గలగలా దొర్లుతున్నాయి.

"అమ్మా..." అని పిలిచాడు. వాడి గొంతు వాడికే వినబడలేదు. "అమ్మా, ఎవరైనా ఉన్నారా?"

పారిపోదామని వెనక్కి తిరిగాడు. సరిగ్గా అప్పుడు గాలి ఒక్క క్షణం ఆగింది. కాళ్ళ కిందనుంచి, కల్వర్టు లోంచి...

"ఇక్కడ..."

ఎవెనోర్ వంగి, లైటు కిందికి వేశాడు.

పొదల్లో చక్రాలు పైకి తిరిగి పడున్న మోటార్‌సైకిలు. దాని పక్కన, బురదలో కూర్చుని ఒక అమ్మాయి. ఒళ్ళో ఒక కుర్రాడి తల. ఆ తల నిండా రక్తం.

"బతికే ఉన్నాడు," అంది ఆ అమ్మాయి పళ్ళు కొట్టుకుంటుండగా. "మా ఆయన. బతికే ఉన్నాడు... మమ్మల్ని వదిలి వెళ్ళిపోకండి."

అంతే. వాడిలో భయమంతా ఎటు పోయిందో! కల్వర్టులోకి దూకాడు. కుర్రాణ్ణి భుజానేసుకుని ఎక్కించాడు. మళ్ళీ దిగి ఆ అమ్మాయినీ మోసుకొచ్చాడు. ఎత్తుతుంటే నొప్పికి కెవ్వుమంది. తర్వాత స్పృహ తప్పింది. దారి పొడుగునా హారన్ మీద చెయ్యి తియ్యకుండా ఆసుపత్రికి చేర్చాడు.

ఇంకో అరగంట ఆలస్యమైతే కుర్రాడు దక్కేవాడు కాదని డాక్టరు చెప్పిందట.

ఆ రాత్రే నా బల్ల దగ్గరికొచ్చి ఇదంతా చెప్పాడు. చొక్కా నిండా రక్తం. అయినా నవ్వుతున్నాడు.

"దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు అక్కా! పాపం, ఎవరో పరాయి ఊరి పిల్ల. సాయం కోసం చెయ్యెత్తితే మేమంతా దెయ్యం దెయ్యం అని పారిపోయాం. సిగ్గుండాలి మాకు!"

మర్నాడు చీలో వచ్చి కాఫీ తాగాడు గానీ ఒక్క జోకూ వెయ్యలేదు.

మూడో రోజు కోడి సూపు కాచి, ఎవెనోర్‌ని వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్ళాను. మంచం మీది పిల్లని చూసి కొద్దిలో గిన్నె జారవిడిచేదాన్నే. ప్రమాదం జరిగిన రోజు పొద్దున నా దగ్గర కాఫీ తాగిన పిల్లే! దామారిస్. ఎక్కడో హినోతేగా కొండల్లోంచి పెళ్ళైన కొత్తలో మొగుడితో ఊరు చూడ్డానికొచ్చింది. పుట్టి బుద్ధెరిగి సముద్రం చూళ్ళేదంది. "ముందు సరస్సు మధ్యలో దీవికెళ్ళమంటారా, సముద్రానికెళ్ళమంటారా?" అని అడిగితే, "గాలికి పడవలు ఆపేశారు తల్లీ, సముద్రానికే పోండి," అని పంపింది నేనే.

ఆ మాట చెప్పి దాని చెయ్యి పట్టుకున్నాను. "మీరేం చేస్తారమ్మా, ఆవు అడ్డొచ్చింది," అంది. "మా ఆయన ఒర్లాందోకి స్పృహ వచ్చింది. నన్ను గుర్తుపట్టాడు." చెబుతూ ఏడ్చేసింది.

ఎవెనోర్ మంచం కాళ్ళ దగ్గర టోపీ నలుపుకుంటూ నిలబడ్డాడు. "మొదటిసారి ఆపకుండా పోయాను చెల్లీ," అన్నాడు. "క్షమించు. నువ్వు నొప్పి పుట్టి చెయ్యి మార్చుకున్నావు చూడూ... అది చూడకపోతే తిరిగొచ్చేవాణ్ణే కాదు."

దామారిస్ అర్థం కానట్టు చూసింది. "ఏ చెయ్యి అన్నా?"

"అదే... చెట్టు కింద నిలబడి ఎత్తావు కదా."

ఆ పిల్ల వాడి వంకా నా వంకా చూసింది. తర్వాత మెల్లగా దుప్పటి తొలగించింది. తొడ నుంచి మడమ దాకా పిండికట్టు.

"రెండు చోట్ల విరిగింది," అంది. "పడ్డ చోటు నుంచి జానెడు కూడా కదల్లేకపోయాను. పైన బండ్లు పోతున్నట్టు వినబడుతూనే ఉంది. అరిచాను... గాలికి ఎవరికి వినబడుతుంది?"

ఎవెనోర్ ఆ పిండికట్టు వంకే చూస్తున్నాడు.

"నేను రోడ్డు మీదికి రాలేదన్నా," అంది దామారిస్ గుసగుసగా.

ఎవెనోర్ బయటికి నడిచాడు. నేను వెనకే వెళ్ళాను. వరండాలో గోడకి చేరగిలబడి కూర్చున్నాడు. ఒళ్ళంతా చెమట. చెట్టు కింది ఆవిణ్ణి తలుచుకుని భయపడుతున్నాడు పాపం అనుకుని భుజం మీద చెయ్యి వేశాను.

"పోనీలేరా. ఎవరైతేనేం, మంచే చేసింది కదా."

వాడు తల అడ్డంగా ఊపాడు.

"అది కాదక్కా..." టోపీ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. "నాకు ఆవిడ కనబడ్డం ఇది రెండోసారి. జూలైలో కూడా చెయ్యెత్తింది. నేను ఆగలేదు."

"జూలైలో ఎప్పుడు?"

"సాంతా ఆనా పండగ. దాని ముందు రాత్రి."

నా చెయ్యి వాడి భుజం మీదే బిగుసుకుపోయింది.

అరటిగెలలు సైకిలు మీద వేసుకుని ఊరూరా తిరిగే ఫెర్మీన్ ముసలాయన, ఆ పండగ పొద్దునే ఆ కల్వర్టులోనే శవమై దొరికాడు. ఆవిడే పొట్టన పెట్టుకుందని అందరం అనుకున్నాం. ఆయన కూతురు బస్టాండులో నా పక్క బల్ల మీదే సరుకు అమ్ముతుంది. డాక్టరు చెప్పిన మాట నాకొక్కదానికే చెప్పుకుని ఏడ్చింది—

ముసలాయన తెల్లారేదాకా బతికే ఉన్నాడట.