చరిత దాచుకున్న చెయ్యి

ఛెళ్ళుమని చప్పుడైంది. ఆ దెబ్బ కొట్టింది తన చెయ్యేనని ఇంద్రజకు తెలియడానికి ఒక క్షణం పట్టింది... రెండేళ్ళ ఎనిమిది నెలల పసిపిల్ల! చరిత ఏడవలేదు. తెల్లబోయి తల్లి ముఖంలోకి చూసి, ఎర్రగా కందిన చేతిని మెల్లగా దగ్గరికి లాక్కుని గౌను మడతల్లో దాచుకుంది.

"అయ్యో, అయ్యో! దాన్ని కొడతావుటే?" అంటూ సీతమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

"నన్ను వెక్కిరిస్తోంది అత్తయ్యా! బొటనవేలు గడ్డానికి ఆనించి, వేళ్ళన్నీ ఇలా చాపి... పొద్దుట్నుంచి నాలుగోసారి! కాల్‌లో ఉన్నాను, వెళ్ళి ఆడుకోమంటే వినదు. మళ్ళీ ఎదురుగా వచ్చి నిలబడి అదే వెక్కిరింత!"

"ఎక్కడ నేర్చుకుందీ? ఆ టీవీ డబ్బాలోనేగా! కన్నతల్లివి, పిల్లను ఆ డబ్బాకి అప్పగించి నువ్వు తలుపేసుకుంటే అది ఇంకేం నేర్చుకుంటుంది?"

అత్తగారి మాటలో అబద్ధం ఎక్కడుంది?

అమెరికాలో వాళ్ళుండే నోవైలో అంతకు ముందటేడు నవంబరులోనే మంచు మొదలైంది. ఇంద్రజ భర్త వేణుమాధవ్ పనిచేసే కార్ల కంపెనీలో వారానికొకరిని ఇంటికి పంపిస్తున్నారు. అతని ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియని రోజుల్లో ఇంద్రజ తన ఉద్యోగం వదలడమనే మాటే లేదు. డేకేర్‌లో వేసిన మూడు నెలల్లో చరితకు జలుబు తగ్గిన రోజంటూ లేదు. అందుకని పిల్లను మాన్పించి, మేనేజర్ కాళ్ళావేళ్ళా పడి, ఇంట్లోంచే పనిచేసే ఏర్పాటు చేసుకుంది. మొదటి రోజు పావుగంట కాల్ కోసం టీవీ పెట్టింది. ఊదారంగు ఏనుగు బొమ్మ, దాని పక్కన పసుపు ఆప్రాన్ కట్టుకున్న టీచరమ్మ... చరిత కదలకుండా కూర్చుంది. ఎంత హాయి! ఆ పావుగంట గంటయింది, గంట మూడయింది. ఏడాది తిరిగేసరికి రోజుకు ఐదు గంటలు! పిల్ల టీవీ అద్దానికి ముక్కు ఆనించేంత దగ్గరగా నిలబడేది. సౌండ్ పెంచమని రిమోట్ తెచ్చి తల్లి చేతిలో పెట్టేది. "బుద్ధిమంతురాలండీ, అస్సలు విసిగించదు" అని స్నేహితురాళ్ళతో గొప్పగా చెప్పుకున్న నోరే ఇంద్రజది!

ఆ బుద్ధిమంతురాలికి మాటలు రాలేదు. ఇండియా నుంచి వచ్చిన సీతమ్మ రెండో రోజే కనిపెట్టింది. "మీ ఆయన ఈ వయసుకి ఇల్లెగిరిపోయేలా వాగేవాడమ్మా. ఇదేమిటి, 'అత్త' అనైనా అనదు?" పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ఆయన అడిగిన మొదటి ప్రశ్న అదే... రోజుకు టీవీ ఎన్ని గంటలు చూస్తుంది?

"అరగంట... మహా అయితే గంట" అంది ఇంద్రజ.

పక్కనే కూర్చున్న వేణు ఒక్కసారి భార్య వైపు చూసి తల దించుకున్నాడు. డాక్టరు వినికిడి పరీక్షకు రాసిచ్చాడు. ఇంటికి రాగానే వేణు టీవీ వైర్లు పీకి, దాన్ని బేస్‌మెంట్‌లోకి మోసుకెళ్ళి గోడ వైపు తిప్పి పెట్టాడు. తర్వాత మూడు రోజులూ చరిత ఖాళీ గోడ ముందు నిలబడి గుక్కపెట్టి ఏడ్చింది. నాలుగో రోజు లేచి తల్లి వెంటపడింది. అప్పుడే ఆ వెక్కిరింత, ఆ దెబ్బ!

దెబ్బ తర్వాత చరిత మళ్ళీ గడ్డం మీద చెయ్యి పెట్టలేదు. ఎవరి జోలికీ రాకుండా సోఫా మూల బొమ్మలు సర్దుకుంటూ కూర్చునేది. 'పోనీలే, మంచి అలవాటైంది' అనుకుంది ఇంద్రజ. అలా అనుకున్నందుకు తర్వాత తనను తాను క్షమించుకోలేకపోయింది.

వారం తర్వాత పరీక్ష. వేణుకు సెలవు దొరకలేదు. మెత్తటి గోడలున్న చిన్న గదిలో చరితను ఒళ్ళో పెట్టుకుని సీతమ్మ కూర్చుంది. పరీక్ష చేసే నడివయసు అమెరికన్ ఆవిడ, ఇంద్రజ అద్దానికి ఇవతల ఉన్నారు. గదిలో ఒక మూల నుంచి శబ్దం వస్తుంది, పిల్ల అటు తిరిగితే అక్కడ బొమ్మ వెలుగుతుంది. శబ్దం వచ్చింది. చరిత తిరగలేదు. ఇంకాస్త పెంచారు... తిరగలేదు. సీతమ్మే ఉలిక్కిపడేంత పెంచాక గానీ పిల్ల తల కదల్లేదు!

ఇంద్రజకు ఆ రోజు తనన్న మాట గుర్తొచ్చింది. "వెళ్ళి ఆడుకోమంటే వినదు" అంది కదూ తను... నిజంగానే వినదు! వినపడదు!

చీకటిగా ఉన్న ఆ గదిలో భయపడి చరిత అద్దం వైపు చూసింది. అవతల తల్లి కనిపించింది. పిల్ల ముఖం విప్పారింది. చెయ్యి పైకి లేచింది. బొటనవేలు గడ్డానికి తగిలీ తగలకముందే ఏదో గుర్తొచ్చినట్టు ఆగిపోయింది. ఆ చేతిని చప్పున కిందికి లాక్కుని నాయనమ్మ చీరకుచ్చిళ్ళలో దాచేసుకుంది.

"చూశారా! మీ పాపకు సంజ్ఞల భాష వచ్చా? ఎంత బాగా పిలిచింది మిమ్మల్ని!" అంది ఆవిడ. ఆ వెంటనే నుదురు ముడిచింది. "కానీ, చెయ్యి ఎందుకు దాచుకుంది?"

"పిలవడమా...?"

"చెవిటివాళ్ళ సంజ్ఞల భాషలో అది 'అమ్మ'. పిల్లల టీవీ ప్రోగ్రాముల్లో కూడా నేర్పిస్తారు. ఇంట్లో మీరు నేర్పలేదా?"

ఇంద్రజ అద్దానికి నుదురు ఆనించి అలాగే కిందికి జారిపోయింది. లోపలి నుంచి సీతమ్మ కంగారుగా తలుపు తోసుకొచ్చింది. "ఏమైందే? ఏమంటోంది ఆవిడ? ఇంద్రా, చెప్పవే!"

"అది... అది వెక్కిరింత కాదుట అత్తయ్యా... నన్ను అమ్మా అని పిలుస్తోందిట! నాలుగుసార్లు పిలిచింది... నాలుగోసారి కొట్టాను! నా బిడ్డ అమ్మా అని పిలిస్తే కొట్టాను అత్తయ్యా!"

సీతమ్మ చరితను ఒక చేత్తో ఎత్తుకుని, రెండో చేత్తో కోడలి తల తన కడుపుకేసి అదుముకుంది.

ఆ మధ్యాహ్నమే చెవుల డాక్టరు చూశాడు. జలుబులతో రెండు చెవుల్లోనూ కర్ణభేరి వెనక నీరు చేరి చాలాకాలమైందట. నీళ్ళలో మునిగినవాళ్ళకు ఒడ్డున మాటలు వినపడినంతే ఆ పిల్లకు లోకం వినపడేదట. చిన్న గొట్టాలు అమరిస్తే నీరు పోతుందన్నాడు. అన్నీ విన్నాక ఇంద్రజ తలెత్తి, "డాక్టర్, పిల్లల డాక్టరుతో నేనొక అబద్ధం చెప్పాను. టీవీ గంట కాదు, రోజుకు ఐదు గంటలు. మాటలు రాకపోవడానికి అదేనా కారణం?" అంది.

"చెవుల్లో నీరు టీవీ వల్ల చేరదమ్మా. నిజం చెప్పాలంటే ఈ పిల్ల చేతులతో చెప్పే నాలుగు మాటలూ ఆ ప్రోగ్రామ్ నేర్పినవే." అన్నాడాయన. "కాకపోతే పక్కన ఎవరైనా కూర్చుని చూసి ఉంటే, ఈ సంగతి ఏడాది ముందే తెలిసేది."

కసరలేదు ఆయన. కసిరినా బాగుండును అనిపించింది ఇంద్రజకు.

ఆ సాయంత్రం వేణు బేస్‌మెంట్‌లోంచి టీవీ మళ్ళీ పైకి మోసుకొచ్చాడు. "నేనూ చూడలేదు ఇందూ. ఆఫీస్ నుంచి రాగానే సౌండ్ తగ్గించమని అరవడం తప్ప... అది ఎందుకు పెంచమంటోందో ఒక్కరోజు ఆలోచించానా? టీవీని గోడకి తిప్పి నా తప్పు కూడా నీ మీదికి తోసేశాను" అన్నాడు.

సీతమ్మ కళ్ళొత్తుకుంది. "నేను మాత్రం? నాకా ఇంగ్లీషు ముక్క రాదు. చేతులు చూస్తే చాలునని నాకేం తెలుసు? డబ్బా, డబ్బా అని నిన్ను దెప్పడమే గానీ, దాని పక్కన ఒక్క పూట కూర్చోలేదు. నన్నేం అనుకోకమ్మా..."

"మిమ్మల్ని అనడానికి నాకు నోరెక్కడిది అత్తయ్యా!"

నలుగురూ కింద కార్పెట్ మీద కూర్చున్నారు. పసుపు ఆప్రాన్ టీచరమ్మ 'పాలు' అని చూపించింది, 'ఇంకా' అని చూపించింది, 'అయిపోయింది' అని చూపించింది. ఒక్కొక్కటీ చూస్తుంటే ఇంద్రజ గుండె చెరువైపోయింది... ఇవన్నీ చరిత చేసినవే! వంటింట్లో తన కాళ్ళ దగ్గర నిలబడి, మీటింగ్ గది తలుపు సందులో నిలబడి, వందసార్లు చేసినవే! ఇంద్రజ కూతురి వైపు తిరిగి, తన బొటనవేలు తన గడ్డానికి ఆనించి, ఆ చేతిని గుండెకు తాకించింది. చరిత ఆ చేతిని చూసింది కానీ, తన చెయ్యి మాత్రం గౌను మడతల్లోంచి బయటికి తియ్యలేదు. ఆ వేళ కాదు, మర్నాడూ కాదు. పదకొండో రోజున, పాలు తాగుతూ తాగుతూ, తల్లిని ఓరగా చూసి, మళ్ళీ పిలిచింది.

జనవరిలో గొట్టాలు వేశారు. మరో నాలుగు రోజులకు ఇంద్రజ ఎప్పటిలాగే వంటింట్లోంచి "చరితా! అన్నానికి రా!" అని కేకేసింది. పిల్ల అదిరిపడి, రెండు చెవులూ మూసుకుని బావురుమంది. ఏడాదిగా ఇంట్లో అందరూ అలా అరిచే మాట్లాడుతున్నారని ఇంద్రజకు అప్పుడు గాని తెలియలేదు. పరుగున వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని, ఊపిరంత సన్నగా పిలిచింది. "చరితా..."

చరిత చెవుల మీంచి చేతులు తీసి, "ఊఁ?" అంది.

వేసవి వచ్చేసరికి మాటలు ఒకటొకటిగా వచ్చాయి. సీతమ్మ ఇండియాకి తిరిగి వెళ్ళే రోజున విమానాశ్రయంలో "నాన్నమ్మా, మళ్ళీ లా" అని అందరినీ ఏడిపించింది చరిత. ఇంద్రజ ఆఫీసులో మాట్లాడి, పొద్దున్న ఏనుగు బొమ్మ వచ్చే అరగంటా ఏ కాల్ పెట్టుకోనని ఒప్పించుకుంది. ఆ అరగంటా కూతురి పక్కన కూర్చుంటుంది. చరిత ఆపకుండా కబుర్లు చెబుతుంది... ఏనుగు గురించి, మంచు గురించి, నాన్న కారు గురించి.

ఒక్కటి మాత్రం ఇంద్రజ ఎప్పుడూ అడగలేదు. ఆ దెబ్బ నీకు గుర్తుందా అమ్మా, అని. జవాబు చెప్పడానికి ఇప్పుడు చరితకు మాటలున్నాయి. అడిగే ధైర్యమే ఆ తల్లికి లేదు.